బొమ్మల కొలువులో పెంకుటిల్లు: ఇంట్లో పారేసే వాటిలో దేన్ని దేనికి వాడాలి?

బుల్లి ఇల్లు కట్టాలనుకోగానే చాలామంది సీసా మూతలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, ఖాళీ అగ్గిపెట్టెలు ఒక కవర్లో పోగెయ్యడం మొదలుపెడతారు. పండగ దగ్గరపడేసరికి కవరు నిండుతుంది గానీ అందులో సగం ఎందుకూ పనికిరాదు. మూత గిన్నెలా కాకుండా మూతలాగే కనిపిస్తుంది, పుల్ల తలుపులా కాకుండా పుల్లలాగే కనిపిస్తుంది. చేతిలో పనితనం లేక ఇలా జరుగుతుందని అనుకుంటారు. నన్నడిగితే తేడా అంతా మందంలో ఉంది. ఏ వస్తువు చేతికి దొరికినా దాని మందాన్ని పన్నెండుతో గుణించి చూడండి. అసలు ఇంట్లో అంత మందం ఉన్న వస్తువు ఏదైనా గుర్తొస్తే దాచండి, లేకపోతే చెత్తబుట్టలో వెయ్యండి. కింద చెప్పే ఎంపికలన్నిటికీ ఈ లెక్కే ఆధారం. ఉదాహరణకి వీధి అరుగు, గుమ్మం, రెండు కిటికీలు, పెంకుల చూరు ఉన్న పాతకాలం ఇల్లు ఒకటి తీసుకుందాం.

ముందు స్కేలు

పన్నెండే ఎందుకంటే, బొమ్మరిళ్లు చేసేవాళ్లు ఎక్కువగా వాడే స్కేలు 1:12. అసలు ఇంట్లో అడుగు ఉంటే బొమ్మరింట్లో అంగుళం. ఇంగ్లండులో క్వీన్ మేరీ కోసం 1921-24 మధ్య తయారై, ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్న ప్రసిద్ధమైన బొమ్మరిల్లుదీ ఇదే కొలత. దానికి రూపకల్పన చేసిన ఎడ్విన్ లుట్యెన్స్ అవే రోజుల్లో ఢిల్లీలో ఇప్పటి రాష్ట్రపతి భవన్ పని కూడా చూస్తున్నాడు. ఆ బొమ్మరింట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, దీపాలు వెలుగుతాయి. మనకంత అక్కర్లేదు గానీ, అడుగుకి అంగుళం అనే లెక్క మాత్రం హాయిగా ఉంటుంది. ఆరడుగుల తలుపు ఆరంగుళాలు, మూడడుగుల అరుగు మూడంగుళాలు. క్యాలిక్యులేటర్ తియ్యక్కర్లేదు.

చోటు కలిసొస్తుందని కొందరు 1:24 వైపు వెళ్తారు. కొన్న సామాన్లతో అయితే బాగానే ఉంటుంది. ఇంట్లో పారేసే వాటితో అయితే కష్టం. ఐస్‌క్రీమ్ పుల్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లు. 1:12లో అది రెండున్నర సెంటీమీటర్ల చెక్క, తలుపుకి సరిగ్గా సరిపోతుంది. 1:24లో అదే పుల్ల ఐదు సెంటీమీటర్ల దుంగ. బార్బీ బొమ్మ కోసం కడితే 1:6 కావాలి. అప్పుడు పదడుగుల గది ఇరవై అంగుళాలవుతుంది, బల్ల మొత్తం అదే ఆక్రమిస్తుంది.

కొలువులో పెట్టేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. కొండపల్లి బొమ్మలు స్కేలు చూసుకుని పుట్టినవి కావు. అందుకే ఇల్లు మొదలుపెట్టే ముందు దాని పక్కన నిలబెట్టబోయే మనిషి బొమ్మని స్కేలు పెట్టి కొలవండి. ఐదున్నర అంగుళాలకి అటూఇటూ ఉంటే 1:12 నిశ్చింతగా తీసుకోవచ్చు. మూడంగుళాల బొమ్మలైతే గుమ్మం ఎత్తు కూడా ఆ మేరకు తగ్గించాలి. లేదంటే కాపురముండేవాళ్లంతా చిన్నపిల్లల్లా కనిపిస్తారు. లోతు సంగతీ చూసుకోవాలి. గది మొత్తం కడితే పదంగుళాల లోతు కావాలి, కొలువు మెట్టు మీద అంత చోటు దొరకదు. ముందు గోడ, అరుగు, చూరు మాత్రం కట్టి వెనక ఖాళీగా వదిలేస్తే నాలుగంగుళాల్లో పని అయిపోతుంది. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి తేడా తెలియదు.

గోడలకి అట్టా, థర్మోకోలా, కాగితం గుజ్జా?

అట్టపెట్టెకే నా ఓటు. ఆన్‌లైన్ పార్సిల్‌తో వచ్చే ఐదు పొరల పెట్టె ఐదారు మిల్లీమీటర్లుంటుంది, నిటారుగా నిలుస్తుంది, కట్టర్‌కి లొంగుతుంది, ఫెవికాల్ పీల్చుకుని గట్టిపడుతుంది. ఇక్కడ మందం లెక్క తప్పినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే తొమ్మిదంగుళాల గోడ 1:12లో 19 మిల్లీమీటర్లు రావాలి. మూడు నాలుగు అట్టలు ఒకదానిమీద ఒకటి అంటించక్కర్లేదు. గోడ మందం బయటికి కనిపించేది గుమ్మం దగ్గర, కిటికీల దగ్గర మాత్రమే. ఆ కన్నాల చుట్టూ లోపలివైపు 19 మిల్లీమీటర్ల వెడల్పున్న అట్ట పట్టీ అంటిస్తే ఎదుటివాళ్లకి గోడంతా అంత మందం ఉన్నట్టే అనిపిస్తుంది. మట్టిగోడల ఇల్లయితే పట్టీని అంగుళన్నర చెయ్యండి. చెయ్యి పెట్టి చూస్తే తప్ప బోలు అని ఎవరూ కనిపెట్టలేరు.

థర్మోకోల్ తేలిక, కొయ్యడం సులువు. అయినా వద్దంటాను. కోసినచోట గింజలు రాలతాయి, వేలు తగిలితే సొట్ట పడుతుంది, ఫెవిక్విక్ పడితే కరిగిపోతుంది, స్ప్రే పెయింట్ కొట్టినా అంతే. పైగా 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఉంది. టీవీ ప్యాకింగులో ఇంటికొచ్చిన ముక్క ఉంటే అరుగు లోపల నింపడానికి వాడుకోండి, కనిపించేచోట వద్దు.

కాగితం గుజ్జు చాలా బలం, కానీ ఆరడానికి రోజులు పడుతుంది, ఆరుతూ ముడుచుకుపోతుంది. చదునైన గోడకి అది దండగ. మట్టి పొయ్యి, గాదె, తులసికోట లాంటి గుండ్రటి ఆకారాలకి మాత్రం దాన్ని మించింది లేదు. రాతిగోడ కావాలంటే గుజ్జు చేసే శ్రమ కూడా అక్కర్లేదు. కోడిగుడ్ల ట్రే అదే గుజ్జుతో చేసినది. దాన్ని కత్తిరించకుండా చేత్తో చింపి ముక్కలు అంటిస్తే అంచులు గరుకుగా వచ్చి అచ్చం రాళ్లలా ఉంటాయి. ఇటుకలకైతే 19 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేలా కత్తెరతో కొయ్యాలి.

అట్టకి ఒక జాగ్రత్త ఉంది. ఒకవైపే రంగు వేస్తే ఆరేటప్పుడు అటువైపు వంగిపోతుంది. వెనకవైపు కూడా పల్చగా ఒక పూత వేసి, పుస్తకాల బరువు కింద ఆరనివ్వండి.

తలుపులు, కిటికీలు

అసలు సరదా అంతా ఇక్కడే ఉంది. చెక్క పనికి ఇంట్లో దొరికేవి ఐస్‌క్రీమ్ పుల్లలు, అగరుబత్తి పుల్లలు, కొబ్బరి ఈనెలు, అగ్గిపుల్లలు, చుట్టిన వార్తాపత్రిక. వీటిలో ఒకదాని పని ఇంకోటి చెయ్యలేదు.

తలుపు రెక్కలకి ఐస్‌క్రీమ్ పుల్ల. వెడల్పు సెంటీమీటరు, అంటే అసలు కొలతలో 12 సెంటీమీటర్ల పలక. రెక్కకి నాలుగు చాలు. పొడవు మాత్రం నాలుగున్నర అంగుళాలే, ఆరంగుళాల తలుపుకి చాలదు. పుల్లల్ని అతికినచోట మీదనుంచి అడ్డపట్టీ వేస్తే అతుకు దాని వెనక దాక్కుంటుంది. పాత తలుపులకి ఎలాగూ అడ్డపట్టీలుండేవి. గుండ్రటి కొనలు తియ్యడానికి కత్తెర పెట్టి నొక్కితే పుల్ల నిలువునా చీలుతుంది. రెండువైపులా కట్టర్‌తో గీత గీసి విరవండి. ఇంతా చెప్పి, షాపులో కొత్త పుల్లల ప్యాకెట్ కొనుక్కొచ్చి "వేస్ట్‌తో చేశాం" అనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎండాకాలం మొదట్లో వీధిలో పిల్లలకి చెప్పి ఉంచితే దసరాకి బోలెడు పోగవుతాయి.

కిటికీ చువ్వల దగ్గర ఎక్కువమంది టూత్‌పిక్‌లు వాడతారు. వాటి మందం 2 మిల్లీమీటర్లు, అంటే అసలు ఇంట్లో రెండున్నర సెంటీమీటర్ల చువ్వ. జైలు కిటికీలా ఉంటుంది. అగరుబత్తి కాలిపోయాక స్టాండులో మిగిలే పుల్ల ఒకటింబావు మిల్లీమీటరుకి కాస్త అటూఇటూగా ఉంటుంది. పన్నెండుతో గుణిస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు, నిజం ఇనప చువ్వకి దగ్గర. ఆ మిగిలే ముక్క రెండంగుళాలే కదా అంటారా? పాత ఇళ్లలో కిటికీకి పైన రెండు, కింద రెండు రెక్కలుండేవి, మధ్యలో అడ్డకమ్మీ. ఒక్కో సగం సుమారు రెండడుగులు. పూజగది స్టాండే మీకు చువ్వల దుకాణం. కొయ్యడానికి గోళ్లు తీసుకునే కట్టర్ చాలు.

వార్తాపత్రికని అగరుబత్తి పుల్ల మీద బిగుతుగా చుట్టి, చివర ఫెవికాల్ రాసి, పుల్ల లాగేస్తే గొట్టం వస్తుంది. అరుగు స్తంభాలకి, మంచం కోళ్లకి ఇది బాగుంటుంది. సన్నని చెక్కపనికి పనికిరాదు, ఎంత రంగు వేసినా చుట్టిన గీత తెలుస్తూనే ఉంటుంది. నులక మంచం అల్లడానికి పురికొసని ఉన్నదున్నట్టు వాడకండి, మోకులా కనిపిస్తుంది. పురి విప్పి ఒక్క పోగు తియ్యండి.

పుల్లలకి పాత టేకు రంగు రావాలంటే చిక్కటి టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టాలి. ఈ పని జిగురు పెట్టడానికి ముందే అయిపోవాలి. ఫెవికాల్ అంటిన చోట డికాషన్ ఎక్కదు, తెల్లటి మచ్చలు మిగిలిపోతాయి.

పైకప్పు

మూడు దారులున్నాయి. అన్నిటికంటే తేలిక రేకుల కప్పు. పార్సిల్ పెట్టె అట్టని తడిగుడ్డతో తుడిచి పైపొర ఒలిచేస్తే లోపల మడతలు మడతలుగా కాగితం కనిపిస్తుంది. మామూలు మూడు పొరల పెట్టెలో ఆ మడతల మధ్య దూరం ఆరున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. జింకు రేకు మడతల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. గుణించి చూసుకోండి. ఇంత బాగా కుదిరిన వస్తువు మొత్తం చెత్తబుట్టలో ఇంకోటి లేదు. వెండి రంగు వేసి, అక్కడక్కడా కాఫీపొడి నీళ్లతో తుప్పు మరకలు పెడితే అయిపోయింది.

తాటాకు కప్పుకి ఎండిన ఆకులు వాడొద్దు, ఏడాదిలో పొడి అయిపోతాయి. పాత కొబ్బరి పీచు చీపురు, లేదా విప్పిన పురికొస పోగులు నయం. కింద వాసాలకి కొబ్బరి ఈనెలు.

గూన పెంకులకి శ్రమ ఎక్కువ, ఫలితమూ ఎక్కువే. జ్యూస్ షాపుల్లో ఇప్పుడు ఇస్తున్న కాగితం స్ట్రాలని కడిగి ఆరబెట్టి, నిలువుగా రెండుగా చీల్చి, అంగుళం ముక్కలు కొయ్యాలి. ఒక వరస బోర్లా, దాని పక్క వరస వెల్లకిలా. కింద చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లాలి, అప్పుడే పై వరస కింది వరస మీద కూర్చుంటుంది. ఒకే ఎరుపు అన్ని పెంకులకీ వేస్తే ప్లాస్టిక్ కప్పులా ఉంటుంది. ఇటుక ఎరుపు డబ్బాలో ఒకసారి చిటికెడు నలుపు, ఒకసారి కాస్త పసుపు కలుపుతూ మూడు నాలుగు ఛాయలు చేసుకోండి. ఓపిక లేనివాళ్లు రేకుల కప్పుతో సరిపెట్టుకోవడమే మంచిది. సగం పెంకులు నేసి వదిలేసిన కప్పు కన్నా అది వెయ్యి రెట్లు నయం.

సామాన్లు

మందం లెక్క వస్తే ఇక్కడ చకచకా సాగిపోతుంది. సోడా సీసా రేకు మూత అడ్డంగా 32 మిల్లీమీటర్లు, అంటే అసలు కొలతలో 38 సెంటీమీటర్లు. అది గిన్నె కాదు, తాంబాళం. అంచు మడతలు శ్రావణంతో చదును చేసుకోవాలి. మాత్రల షీటులో గుండ్రటి గుంట సెంటీమీటరుంటే, అది పన్నెండు సెంటీమీటర్ల గిన్నె. కుంకుడు గింజ నల్లటి చిన్న కుండ. పార్సిల్ టేపు అయిపోయాక మిగిలే అట్ట చుట్టకి లోపల అడ్డం మూడంగుళాలు, అంటే మూడడుగుల నుయ్యి. వరల గీతలు పెన్సిల్‌తో గీసి సిమెంటు రంగు వేస్తే ఇంకేం చెయ్యక్కర్లేదు.

ఇత్తడి సామానుకి వంటింటి ఫాయిల్ వాడాలా, బిర్యానీ పార్సిల్ డబ్బా రేకు వాడాలా అని అడిగితే డబ్బా రేకే. ఫాయిల్ నలిగితే మళ్లీ సాఫీ కాదు. డబ్బా రేకుని పాత నోటుపుస్తకం మీద పరిచి, రాయని బాల్‌పెన్నుతో వెనకనుంచి నొక్కితే కంచం అంచు, పళ్లెం మీద చుక్కల ముగ్గు చక్కగా లేస్తాయి. కూల్‌డ్రింక్ టిన్ను రేకు ఇంకా గట్టిది, కానీ అంచు బ్లేడుతో సమానం. పిల్లలతో కలిసి చేస్తుంటే దాని జోలికి వెళ్లొద్దు.

గుడ్డల్లో కొత్త బ్లౌజు ముక్క కన్నా ఉతికి ఉతికి పల్చబడిన పంచె ముక్క మేలు. కొత్తది బిర్రుగా నిలబడి దుప్పటి బదులు రేకులా ఉంటుంది. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి తడిపి, కుచ్చిళ్లు గుండుసూదులతో సర్ది ఆరనిస్తే పడినట్టే నిలుస్తుంది. అంచు వెడల్పు కూడా చూసుకోండి, సెంటీమీటరు జరీ ఇక్కడ పన్నెండు సెంటీమీటర్ల పెద్దంచు.

జిగురు దగ్గర తొందర వద్దు

కాగితం, అట్ట, పుల్ల, గుడ్డ అన్నిటికీ ఫెవికాల్. ఆలస్యంగా పడుతుంది, అదే దాని సుగుణం. తలుపు వంకరగా కూర్చుంటే ఐదు నిమిషాల్లోపు సరిచేసుకోవచ్చు. రంపపు పొడి కలిపితే సందులు పూడ్చే మక్కు అవుతుంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర ముక్కల్ని కలపడానికి చింతగింజల పిండి, రంపపు పొడి కలిపిన మక్కే వాడతారు, ఇది దానికి బద్ధకస్తుల రూపం.

ఫెవిక్విక్ రేకులకి, గింజలకి మాత్రమే. కిటికీ అద్దంగా పెట్టిన పారదర్శక ప్లాస్టిక్ దగ్గర వాడితే చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టు మచ్చ వస్తుంది. నూలు గుడ్డ మీద పోస్తే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది. హాట్ గ్లూ గన్ పని వేగంగా అవుతుంది, కానీ చుక్క 2 మిల్లీమీటర్లుంటుంది. పన్నెండుతో గుణిస్తే తలుపు పక్కన రెండున్నర సెంటీమీటర్ల ముద్ద వేలాడుతున్నట్టు. కనిపించని వెనకవైపు మూలలకి సరే. మైదా జిగురు చవక, కానీ వెండిపురుగులకీ బొద్దింకలకీ భోజనం పెట్టినట్టే.

ఏ జిగురూ పట్టని ప్లాస్టిక్‌లు కూడా ఉన్నాయి. డబ్బా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 2, 4, 5 ఉంటే జిగురూ రంగూ రెండూ ఊడొస్తాయి. నీళ్ల సీసాల మూతలు దాదాపు ఈ కోవకే చెందుతాయి. 1 ఉన్న సీసా ప్లాస్టిక్ కాస్త నయం, గరుకు కాగితంతో రుద్ది అంటించండి. మిగతావాటిని కన్నం పొడిచి తీగతో కట్టడమో, వదిలెయ్యడమో చెయ్యాలి.

రంగూ దీపమూ

ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన ఎమల్షన్ డబ్బా అటక మీద ఉంటే గోడలకి అదే వాడండి. బ్రష్‌తో లాగకుండా స్పాంజితో అద్దితే సున్నం కొట్టిన గోడలా వస్తుంది. పోస్టర్ కలర్ చవకే గానీ తడిచెయ్యి తగిలితే చేతికొచ్చేస్తుంది. చేతులు తగిలే తలుపులకీ సామాన్లకీ అక్రిలిక్. ఎనామెల్ మెరుపు చిన్న ఇంటికి మరీ ఎక్కువ. గోళ్ల రంగు ఇత్తడి చెంబుకి బాగుంటుంది, థర్మోకోల్ మీద మాత్రం వెయ్యకండి. మిగిలిన వాల్ పుట్టీ వాడేట్టయితే కాస్త ఫెవికాల్ కలపాలి, లేకపోతే అట్ట కదిలినప్పుడల్లా పగులుతుంది. ముగ్గు ముగ్గుపిండితో వేస్తే గులకరాళ్లు పోసినట్టుంటుంది. తెల్ల జెల్ పెన్నుతో గియ్యండి.

దీపానికి పాడైన సీరియల్ సెట్టు విప్పితే ఎల్‌ఈడీలు దొరుకుతాయి. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ పన్నెండు రెట్లు 6 సెంటీమీటర్లు, మామూలు గుండు బల్బు సైజు అదే. 3 వోల్టుల బటన్ సెల్ ఒకటి చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే సెల్ ఉన్న భాగానికి స్క్రూ మూత పెట్టండి, లేదా దీపమే వద్దనుకోండి. బటన్ సెల్ మింగితే గంటల్లోనే గొంతు కాలి ప్రాణం మీదికొస్తుంది.

కొలువు ఎత్తేశాక ఇంటిని కలరా ఉండలు వేసి దాచడం మన అలవాటు. లోపల థర్మోకోల్ గానీ, 6 అంకె ఉన్న గట్టి ప్లాస్టిక్ గానీ ఉంటే ఆ ఉండల ఆవిరికి మెత్తబడి అంటుకుపోతుంది. ఎండిన వేపాకు గుడ్డమూట చాలు. పెట్టెని నేల మీద పెట్టకుండా అటక మీదో బీరువా పైనో పెట్టండి, చెదలకి అట్టంటే చాలా ఇష్టం.